మాట పడిపోయిన మనిషితో మాట్లాడటం ఎలా

నాన్నని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన వారమంతా మా ఇల్లు పరీక్ష హాలులా ఉండేది. యాపిల్ పళ్ళ కవరు పట్టుకుని వచ్చిన ప్రతివాళ్ళూ మంచం మీదకి వంగి, గొంతు పెంచి ఒకటే ప్రశ్న. "బావా, నేనెవర్ని? పేరు చెప్పు చూద్దాం!" మా పెద్దత్త "తమ్ముడూ, నేనెవర్రా?" అని అడిగింది. ఆయన "అ... అ... బస్సు" అన్నారు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అప్పటిదాకా ఆయన ఆవిడ చెయ్యి వదల్లేదు. అక్క ఎవరో తెలియని మనిషి అంత గట్టిగా పట్టుకోడు. పేరొక్కటే నోటికి అందలేదు.

పక్షవాతం వల్ల మాట పోయిన మనిషి ఇంట్లో ఉన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. నాలుగేళ్ళుగా ఇంట్లో చేస్తున్నదీ, స్పీచ్ థెరపిస్టు పక్కన కూర్చుని నేర్చుకున్నదీ చెబుతాను. మొదటి పని ఇవాళే చెయ్యొచ్చు: చూడటానికి వచ్చేవాళ్ళని గుమ్మం దగ్గరే ఆపి, "పేరు అడగొద్దు, మీ పేరు మీరే చెప్పండి" అనండి. "అన్నయ్యా, నేను పామర్రు సుబ్బుని, కొబ్బరి బొండాలు తెచ్చాను" అంటే చాలు. నొచ్చుకునేవాళ్ళు నొచ్చుకుంటారు, ఫరవాలేదు.

ఒక హెచ్చరిక. మాట ఉన్నట్టుండి తడబడినా, మూతి వంకరపోయినా, ఒక చెయ్యి పైకెత్తి ఉంచలేక జారిపోయినా "కాసేపు పడుకుంటే సర్దుకుంటుంది" అనుకోవద్దు. 108కి ఫోన్ చెయ్యండి. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. ఆ గంటలు లెక్కపెట్టేది మనిషి బాగా ఉండగా ఆఖరుసారి చూసిన వేళ నుంచి. అందుకని ఆ టైం గుర్తుపెట్టుకుని డాక్టరుకి చెప్పండి. ఈలోగా నోట్లో నీళ్ళు పోయొద్దు, మాత్ర వెయ్యొద్దు. పావురం నెత్తురు రాయిద్దామనే పెద్దమనిషి ప్రతి వీధిలోనూ ఒకడుంటాడు. వాడితో వాదన పెట్టుకోకండి, టైం పోతుంది.

ఏది పోయిందో ముందు తేల్చుకోండి

"మాట పడిపోయింది" అని మనం ఒక్క ముక్కలో అనేస్తాం గానీ అందులో కనీసం మూడు వేరువేరు సంగతులున్నాయి.

ఒకటి, నాలుక మందం. మాటలన్నీ సరైనవే, వరసలోనే వస్తాయి, కానీ పెదాలకీ నాలుకకీ బలం చాలక ముద్దముద్దగా వినిపిస్తాయి. దీన్ని డిసార్థ్రియా అంటారు. ఈ మనిషి కాగితం మీద రాసి చూపించగలడు, వాట్సాప్‌లో మెసేజ్ పెట్టగలడు.

రెండోది మా ఇంట్లోది. నాలుక బాగానే ఆడుతుంది, మాటే దొరకదు. ఏం చెప్పాలో తెలుసు, దాని పేరు రాదు. లేదా ఒకటి అనబోతే వేరొకటి వస్తుంది. ఇది అఫేసియా. ఎక్కువమందికి భాష మెదడు ఎడమ భాగంలో ఉంటుంది. ఒంటి కుడివైపుని నడిపేదీ ఆ ఎడమ భాగమే. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినవాళ్ళకే ఎక్కువగా మాట కూడా పోవడానికి కారణం అదే. 1861లో పారిస్‌లో బ్రోకా అనే డాక్టరు దగ్గరికి వచ్చిన రోగి ఏమడిగినా "టాన్, టాన్" అనేవాడట. అతను చనిపోయాక మెదడు తీసి చూస్తే ఎడమవైపు ముందు భాగం దెబ్బతిని ఉంది. మా ఇంట్లో "టాన్" బదులు "బస్సు". నాన్న ముప్పై ఏళ్ళు ఆర్టీసీలో కండక్టరు మరి.

మూడోది ఇంట్లోవాళ్ళని బాగా భయపెడుతుంది. మనిషి గడగడా మాట్లాడతాడు, రాగం సరిగ్గానే ఉంటుంది, అర్థం మాత్రం ఉండదు. మధ్యలో లేని మాటలు పుట్టుకొస్తాయి. మనం చెప్పేది కూడా సరిగ్గా ఎక్కదు. వెర్నికే అనే జర్మన్ డాక్టరు 1874లో ఈ రకాన్ని వివరించాడు. మనవైపు దీనికి "మతి చలించింది" అని పేరు పెట్టి భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళినవాళ్ళున్నారు. అది మతి చలించడం కాదు. ఇదీ అఫేసియానే.

చాలామందిలో ఇవి కలగలిసి ఉంటాయి. ఏది ఎంతో తేల్చాల్సింది థెరపిస్టే. అర్థం చేసుకోవడం ఎంత మిగిలిందో మాత్రం మీరూ కొంత చూడొచ్చు. "తలుపు ఎటుందో చూపించండి" అని అడగండి. అడిగేటప్పుడు మీరు తలుపు వైపు చూడొద్దు, చెయ్యి తిప్పొద్దు. నేను మొదట్లో ఇక్కడే మోసపోయాను. "మంచినీళ్ళు కావాలా" అంటూ నా కళ్ళు బిందె మీదకి పోయేవి. నాన్న నా కళ్ళు చూసి తల ఊపేవారు, నేను అన్నీ అర్థమవుతున్నాయని సంబరపడేదాన్ని.

అందరూ ఇచ్చే ఒక సలహా ఉంది: "నోటితో రాకపోతే రాయమనండి." నాలుక మందమైతే అది పనికొస్తుంది. అఫేసియాలో చదవడం, రాయడం కూడా దెబ్బతింటాయి. పలక ఇచ్చి "రాయండి" అంటే అది రెండో పరీక్ష.

ఇంకొక మాట. దెబ్బేమీ తగలకుండా, పక్షవాతం రాకుండా, నెలలు గడిచేకొద్దీ మాటలు ఒక్కొక్కటే మర్చిపోతుంటే అది వేరే జబ్బు కావచ్చు. న్యూరాలజిస్టుకి చూపించండి.

మాట కంటే ముందు ముద్ద

మాట పోయినవాళ్ళలో చాలామందికి మింగడం కూడా కష్టమవుతుంది. నీళ్ళు తాగుతుంటే దగ్గు రావడం, తిన్నాక గొంతు గరగరలాడటం, బుగ్గలో ముద్ద నిలిచిపోవడం కనిపిస్తే థెరపిస్టుకి వెంటనే చెప్పండి. మింగడం ఎలా ఉందో చూసేదీ వాళ్ళే. అన్నం ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. పడుకోబెట్టి తినిపించొద్దు. నిటారుగా కూర్చోబెట్టండి, తిన్నాక అరగంట దాకా పడుకోనివ్వొద్దు. ముద్ద నోట్లో ఉండగా మాట్లాడించొద్దు. గంజి చిక్కగా ఉండాలా, పల్చగా ఉండాలా అన్నది మీ సొంత లెక్క కాదు, వాళ్ళు చూసి చెబుతారు.

కూర్చుని మాట్లాడే తీరు

ముందు టీవీ ఆపండి. సౌండ్ తగ్గించడం చాలదు. మిక్సీ, ఫ్యాను చప్పుడు, పక్కగదిలో ఫోన్ మాట్లాడే కోడలు, ఇవన్నీ మనకి వినపడవు గానీ ఆయనకి అన్నీ ఒకేసారి చెవిలో పడతాయి. ఎదురుగా, ముఖం కనిపించేలా, ఆయన కూర్చున్న ఎత్తులోనే కూర్చోండి. నిలబడి మాట్లాడితే మీరు ఇంకో పని మీద వెళ్ళబోతున్నట్టు ఉంటుంది.

గొంతు పెంచకండి. ఆయనకి చెవుడు రాలేదు. చంటిపిల్లలతో మాట్లాడినట్టు "బువ్వ తిందామా, బుజ్జి" అని అనకండి. నిన్నటిదాకా ఆయన్ని ఎలా పిలిచారో ఇప్పుడూ అలాగే పిలవండి. నిన్న "మీరు" అన్నవాళ్ళు ఇవాళ "నువ్వు"లోకి దిగిపోవడం చాలా ఇళ్ళల్లో చూశాను. వాళ్ళకి తెలియకుండానే దిగిపోతారు.

ఒక వాక్యంలో ఒకే సంగతి చెప్పండి. "రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికెళ్ళాలి కాబట్టి తొందరగా లేచి స్నానం చేసి టిఫిన్ తినకుండా ఉండాలి, రక్తం తీస్తారు" అంటే అందులో ఐదారు సంగతులున్నాయి. "రేపు డాక్టరు." ఆగండి. ఆయన తల ఊపనివ్వండి. "రక్తం తీస్తారు." ఆగండి. "పొద్దున్న టిఫిన్ వద్దు."

ఆగడం అన్నిటికంటే కష్టం. ప్రశ్న అడిగి మనసులో పది లెక్కపెట్టండి. నిజంగా పది. నాలుగు దగ్గరికి రాగానే మన నోరు ఊరుకోదు, "కాఫీయా? టీయా? నీళ్ళా?" అని మూడు ప్రశ్నలు కుమ్మరిస్తాం. ఆయన మొదటి ప్రశ్నకి మాట వెతుక్కుంటుండగా మూడోది వచ్చిపడుతుంది. ఉన్న కాస్త మాటా చెదిరిపోతుంది.

ఆయన నోట్లో మాట ఆడుతుంటే మీరు అందించాలా వద్దా? ఇదీ ఆయన్నే అడగండి. నాన్న తనంతట తాను ప్రయత్నిస్తున్నప్పుడు ఎడమచెయ్యి కొంచెం ఎత్తి ఉంచుతారు, ఆగమని. చెయ్యి దించితే అందించమని. ఈ ఒప్పందం కుదరడానికి రెండు నెలలు పట్టింది. అప్పటిదాకా రోజూ పోట్లాటే.

తప్పు మాట వస్తే దిద్దకండి. "కాఫీ" అనబోయి "పాలు" అంటే, "పాలు కాదు, కాఫీ అను, కా-ఫీ" అని మాస్టారి వేషం వెయ్యొద్దు. "కాఫీనా? ఇదిగో" అని గ్లాసు అందించండి. సరైన మాట ఆయన చెవిన పడింది, పనీ అయింది.

అర్థం కాకపోతే అర్థమైనట్టు నటించొద్దు. "ఆఁ ఆఁ, సరే సరే" అంటే ఆయనకి తెలిసిపోతుంది. "నాకు అర్థం కాలేదు, నీకు తెలుసని నాకు తెలుసు, ఇంకోసారి చూద్దాం" అనండి. కెనడాలో టొరంటోలో అఫేసియా ఇన్‌స్టిట్యూట్ అని ఒక సంస్థ ఉంది. అక్కడ ఆరా కేగన్ అనే స్పీచ్ థెరపిస్టు రూపొందించిన శిక్షణ అంతా ఈ "నీకు తెలుసని నాకు తెలుసు" చుట్టూనే తిరుగుతుంది.

అవును, కాదు కుదరాలి

మొదట్లో నాన్నకి "అవును" అనబోతే "కాదు" వచ్చేది. తల కూడా అటూ ఇటూ ఊగేది. ఇది చాలామందిలో ఉంటుంది. అందుకని ఒక్క గుర్తుమీద ఆధారపడకండి. బొటనవేలు పైకి, బొటనవేలు కిందకి. లేదా ఒక అట్టముక్క మీద ఒకవైపు పచ్చ టిక్కు, ఇంకోవైపు ఎర్ర ఇంటూ. జవాబు వచ్చాక తిరగేసి కూడా అడగండి: "అన్నం కావాలా?" అవును. "అన్నం వద్దా?" కాదు. రెండూ సరిపోతేనే నమ్మండి. డబ్బు, మందులు, ఆపరేషన్ సంగతుల్లో ఇది తప్పనిసరి.

ఇప్పుడు కాగితం వాడకం. ఒక సాయంత్రం నాన్న ఉన్నట్టుండి "బస్సు! బస్సు!" అని మంచం మీదనుంచి లేవబోయారు. అమ్మ "బందరు వెళ్ళాలా? అత్తయ్యని చూడాలా?" అంది. కాదు. తమ్ముడు చొక్కా తెచ్చాడు. దాన్ని విసిరికొట్టారు. అప్పుడు నేను కాగితం మీద పెద్ద అక్షరాలతో నాలుగు మాటలు రాసి పెట్టాను: మనిషి, వస్తువు, నొప్పి, చోటు. ఒక్కోటీ చదువుతూ వేలు పెట్టాను. వస్తువు దగ్గర చెయ్యి పడింది. "ఇంట్లోదా, బయటదా?" రెండూ రాశాను. బయట. "పెద్దదా, చిన్నదా?" అప్పటికే ఆయన మెట్ల వైపు చూస్తున్నారు. నేనూ అటు చూశాను. మోటారు వేసి మర్చిపోయాం. ట్యాంకు నిండి నీళ్ళు సందులోకి పారుతున్నాయి. ఇంట్లో నలుగురం ఉన్నాం, అది వినపడింది ఆయనకొక్కరికే. మోటారుకీ బస్సుకీ ఇంజను చుట్టరికం ఉందిగా, మాట మరీ దూరం పోలేదు.

ఈ పద్ధతి మీరూ అలవాటు చేసుకోండి. పెద్ద గుంపు నుంచి చిన్న గుంపుకి దిగాలి. ఒకేసారి మూడు నాలుగు మాటలకి మించి ముందు పెట్టొద్దు. ఆఖరున "వీటిలో ఏదీ కాదు" అని ఒక గడి తప్పకుండా ఉంచండి. చదువురాని మనిషైతే మాటల బదులు బొమ్మలు, ఫోన్‌లో ఫొటోలు పెట్టండి. తేలాక మొత్తం తిరిగి చెప్పండి: "మోటారు ఆపమన్నారు. అంతేనా?"

ఇంటి పుస్తకం

బజార్లో దొరికే బొమ్మల చార్టుల మీద ఎవరిదో ఇల్లు, ఎవరిదో ముఖం. మీ ఇంటివే ఫొటోలు తీయండి. మీ గ్లాసు, మీ బాత్రూం తలుపు, ఆయన వేసుకునే బీపీ మాత్రల అట్ట, మనవరాలు, ఎదురింటి సత్యం బాబాయి, టీ కొట్టు. ఒక్కో పేజీకి రెండు మూడు ఫొటోలు, కింద పెద్ద అక్షరాలతో పేరు. పదో ఇరవయ్యో చాలు మొదట్లో. తిండి, మందులే కాక ఆయన కబుర్లకి పనికొచ్చేవీ పెట్టండి. మా పుస్తకంలో ఎక్కువ నలిగిన పేజీ డిపో ఫొటో ఉన్నదే. నొప్పి కోసం మనిషి బొమ్మ ఒకటి గీసి ఉంచండి, ఎక్కడో వేలు పెట్టి చూపిస్తారు.

వరసలు, పాటలు, బూతులు

ఒకరోజు తమ్ముడు సరదాకి "కంకిపాడు" అన్నాడు, టికెట్టు కొట్టే గొంతుతో. నాన్న నోట్లోంచి "ఉయ్యూరు, పామర్రు, గూడూరు, బందరు" అని తన్నుకుంటూ వచ్చేశాయి. అందరం బిత్తరపోయాం. ఆయన కూడా.

నోటికి అలవాటైపోయిన వరసలు, ఒకట్లు, వారాలు, ఎక్కాలు, భజనలు, పాత పాటలు, చాలామందిలో మిగిలి ఉంటాయి. మనం వెతుక్కుని కూర్చే మాటకంటే వీటి దారి వేరు. తిట్లు కూడా అంతే. జీవితంలో "ఛీ" అనని మనిషి నోట బూతు స్పష్టంగా వస్తుంది. దాన్ని పట్టించుకోకండి, పిల్లలకి ముందే చెప్పి ఉంచండి.

ఇక్కడ ఆశ కాస్త అదుపులో పెట్టుకోవాలి. వారాలు గడగడా చెప్పినంత మాత్రాన "మంగళవారం డాక్టరు దగ్గరికెళ్దాం" అనడం రాదు. వరసని మెట్టులా వాడండి: మీరు "కంకిపాడు, ఉయ్యూరు..." అని ఆగండి, ఆయన్ని ముగించనివ్వండి. తర్వాత రోజువారీ మాటల్లో అదే చెయ్యండి: "వేడి వేడి..." అని ఆగితే "కాఫీ". రాగం కూడా పనికొస్తుంది. 1973లో బోస్టన్ వైద్యులు మాటల్ని పాటలా సాగదీసి, ఎడమచేత్తో తాళం వేయిస్తూ పలికించే పద్ధతి ఒకటి బయటపెట్టారు. "నీళ్ళు కావాలి" అన్నదాన్ని రెండు స్వరాల్లో లాగి, ఎడమచెయ్యి మోకాలి మీద తట్టిస్తూ ఇద్దరూ కలిసి అనాలి. తర్వాత మీ గొంతు కొంచెం కొంచెం తగ్గించాలి. ఎవరికి పనిచేస్తుందో థెరపిస్టు చెబుతారు. అందరికీ పనిచెయ్యదు.

రోజుకి రెండు మూడుసార్లు పావుగంట చొప్పున చాలు. సాయంత్రానికి అలసిపోయి ఉంటారు, అప్పుడు కూర్చోబెట్టి కసరత్తు చేయించొద్దు. పొద్దున వచ్చిన మాట రాత్రికి రాకపోతే కంగారుపడకండి, రేపు మళ్ళీ వస్తుంది. మెరుగు మొదటి మూడు నెలల్లో బాగా కనిపిస్తుంది, అక్కడితో ఆగిపోదు. నాన్న మా అమ్మని పేరు పెట్టి పిలిచింది రెండో ఏడాదిలో. అంతకుముందు నలభై ఏళ్ళూ "ఏమోయ్" అనేవారు, అదొక విడ్డూరం.

రెండు భాషలు తెలిసినవాళ్ళలో ఒకటి ముందు, ఒకటి వెనకా రావచ్చు, కలగాపులగంగానూ రావచ్చు. ఏది వస్తే అది రానివ్వండి. అమెరికా నుంచి వీడియో కాల్ చేసే పిల్లలకి ఒకటే చెబుతాను: ఒక్కొక్కరే మాట్లాడండి, కెమెరాకి ఏదో ఒకటి చూపించండి. మంచు చూపించండి, వండిన కూర చూపించండి. "ఎలా ఉన్నావు తాతయ్యా" అన్న ప్రశ్నకి జవాబు చెప్పడం మామూలు మనిషికే కష్టం.

థెరపిస్టు, కాగితాలు

థెరపిస్టుకి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి, అడగడం తప్పు కాదు. సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. మైసూరులో 1965లో పెట్టిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది. మొదటి రోజే "ఇంట్లో మేమేం చెయ్యాలో మా ముందే చేసి చూపించండి" అనండి. తలుపు మూసి అరగంట చేయించి పంపించే చోట మేము మూడు నెలలు పోగొట్టుకున్నాం. గొంతుకి, నాలుకకి బయట తగిలించే యంత్రాలు, నాలుక మీద వస రాయడం లాంటివి ఎవరైనా చెబితే డబ్బు కట్టేముందు న్యూరాలజిస్టుని అడగండి.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. అందులో వాక్ భాషా వైకల్యం ఒకటి, అఫేసియా పేరు పెట్టి మరీ ఉంది. వైకల్యం ఉందని ఇచ్చే సర్టిఫికెట్‌కి (సదరం) వెళ్ళినప్పుడు చాలామంది చెయ్యీ కాలూ మాత్రమే చూపించి వచ్చేస్తారు. మాట సంగతి కూడా రాయమని అడగండి. థెరపిస్టు రిపోర్టు దగ్గర పెట్టుకోండి. పథకాలకి మామూలుగా 40 శాతం నుంచి లెక్క.

బ్యాంకులో సంతకం కుదరక డబ్బు ఆగిపోతే భయపడకండి. జబ్బుమనిషి వేలిముద్రతో, అదీ కుదరకపోతే కాలి వేలిముద్రతో డబ్బు తీసుకోవచ్చని రిజర్వు బ్యాంకు నియమం ఉంది. ఇద్దరు సాక్షులు కావాలి, అందులో ఒకరు బ్యాంకు అధికారి. కౌంటర్లో ఉన్న అబ్బాయికి ఇది తెలియకపోవచ్చు, మేనేజర్ని అడగండి. అడిగేటప్పుడు మేనేజరు మీ వైపు చూసి "ఆయనకి అర్థమవుతుందా?" అంటారు. "ఆయన్నే అడగండి సార్, కొంచెం ఆగితే చెబుతారు" అని మీరు పక్కకి జరగండి.

జేబులో కార్డు

ఆఖరి పని. మనిషి కాస్త నడిచి బయటికెళ్ళే దశకి వచ్చాక జేబులో ఒక కార్డు ఉండాలి. లేకపోతే తడబడే మాట, తడబడే నడక చూసి తాగాడనుకుంటారు. మా నాన్నని బస్టాండులో ఒకసారి అలాగే అనుకున్నారు, అదీ ఆయన పనిచేసిన బస్టాండులోనే. కార్డు మీద మూడు వాక్యాలు చాలు: నాకు పక్షవాతం వచ్చింది. మీరు చెప్పేది నాకు అర్థమవుతుంది. ఇంట్లోవాళ్ళ నంబరు ఇది. లామినేషన్ చేయించండి.

ఏం రాయాలో మీరొక్కరే నిర్ణయించకండి, చదివి వినిపించండి. నేను మొదట "ఈయనకి మాట రాదు" అని రాశాను. నాన్న ఎడమచేత్తో పెన్ను లాక్కుని "రాదు" మీద గీత కొట్టారు. "నిదానంగా వస్తుంది" అని రాశాను. కార్డు చొక్కా జేబులో పెట్టుకుని, చెప్పులు చూపించారు.